మిరియం మొరగని పెనాల్టీ

అద్దాలమ్మకు కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ళతో ఇబ్బంది లేదు, అరిచి అరిచి వాళ్ళే చల్లబడతారు. ఈవిడ అలా కాదు. కడిగిన పళ్ళేన్ని బోర్లించినంత నెమ్మదిగా కోపాన్ని లోపల బోర్లించి పెట్టుకుంటుంది, కావలసిన రోజున తీసి వాడుకుంటుంది. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు ఆవిడ బావ. తెలిసి తెలిసీ ఆవిడతోనే పెట్టుకున్నాడు. ఆ మహానుభావుడి ధైర్యానికి దణ్ణం పెట్టాలో, తెలివితక్కువతనానికి పెట్టాలో తెలియదు.

అద్దాలమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో మిషను ముందు కూర్చుని, ఫ్రేములకు సరిపడేలా అద్దాలు అరగదీస్తుంది కాబట్టి బావ స్నేహితులు వెటకారానికి అలా పిలిచారు. పిలిచి పిలిచి చివరికి సొంత అక్క నోట్లో కూడా అదే నిలిచిపోయింది. ఆ వెనకగదికి కిటికీ లేదు. ముందుగదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్ష చేసే పెద్దావిడ త్వరలో పని మానేస్తోంది. "డిప్లొమా చేతికి రానివ్వు, ఆ కుర్చీ నీదే" అని దుకాణం యజమాని మాటిచ్చాడు. అందుకే రెండేళ్ళుగా అద్దాలమ్మ అక్క ఇంట్లో, ఒక మూలగదిలో, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ముందు ఆన్‌లైన్ చదువు చదువుతోంది.

ఆ ఇంట్లో కుక్కలు రెండు. పెద్దది దొరసాని. వయసు మీద పడింది, చెవులు వినపడవు, అన్నం గిన్నె దగ్గరికి నడవడం కూడా ఎవరికో ఉపకారం చేస్తున్నట్టే ఉంటుంది. చిన్నది మిరియం. నల్లగా, గుండ్రంగా, ఒక్కచోట కాలు నిలవని రకం. గుప్పెడంత పిల్లగా ఉన్నప్పుడు వానలో బస్సు చక్రం పక్కన వణుకుతుంటే బావే తీసి చొక్కా జేబులో వేసుకుని తెచ్చాడు. తెచ్చింది బావ అయినా, చదువులో తోడు కూర్చున్నది మాత్రం అద్దాలమ్మకు. పొద్దున పనికి వెళ్ళేముందు ఒక క్లాసు, సాయంత్రం వచ్చాక ఒక క్లాసు. రెండు పూటలా మిరియం బల్ల కింద దూరి ఆవిడ పాదాల మీద పడుకునేది. కంటి నరాల మీద లెక్చరు విని విని ఆవిడకు కునుకు పడితే బొటనవేలు నాకి లేపేది. "మనిద్దరం కలిసే పాసవుదాంలేవే" అని ఆవిడ దాని తల నిమిరేది.

ఇక బావ. సిటీ బస్సు డ్రైవరు. స్టీరింగు ముందు ఎంత నెమ్మదస్తుడో ఫుట్‌బాల్ ముందు అంత వెర్రివాడు. పచ్చచొక్కాల జట్టంటే ప్రాణం పెడతాడు. ఆ జట్టు కప్పు మొహం చూసి ఎన్నేళ్ళయిందో దానికే గుర్తులేదు, అయినా సరే. డిపోలో ఇలాంటి వెర్రివాళ్ళు ఇంకొందరున్నారు. మ్యాచ్ జరిగేటప్పుడు చాలాసార్లు వీళ్ళు బస్సుల మీద ఉంటారు. అందుకని బావ ఇంట్లో రికార్డింగు పెట్టుకుని, డ్యూటీ దిగాక అందరూ చేరి చూస్తారు. చూసేదాకా స్కోరు చెవిన పడకూడదు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు స్కోరు పథ్యం. ఫోన్లు ఆపేసి ఒక రేకు డబ్బాలో పడేస్తారు. ప్రయాణికులు ఆట ఊసెత్తితే హారను మోగిస్తారు. డ్యూటీ దిగి, చెవుల్లో దూది కుక్కుకుని, తలలు వంచుకుని వరసగా నడిచి వస్తుంటే, ఎవరో పోయారు పాపం అనుకుని జనం దారి ఇస్తారు. ఇంట్లోవాళ్ళు కూడా ఆ పథ్యం పాటించాల్సిందే. ఒకసారి అక్క ఊరికే నవ్వింది. ఆ నవ్వుకు అర్థం గెలుపా ఓటమా అని తేల్చుకోలేక బావ ఆ పూట అన్నం మానేశాడు.

పరీక్ష ఒక ఆదివారం మధ్యాహ్నం పడింది. ఇంట్లో కూర్చునే రాయొచ్చు గానీ, రాసినంతసేపూ కెమెరా, మైకు తెరిచి ఉండాలి. ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకురాలు చూస్తూ, వింటూ ఉంటుంది. గదిలో రెండో ప్రాణి ఉండకూడదు, బయటినుంచి అలికిడి రాకూడదు. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఆఖరి హెచ్చరిక, మూడోసారి పరీక్ష రద్దు. ఆ రోజు అక్క, తను పనిచేసే లాండ్రీలో ఎక్కువ పని ఉండి, వెళ్ళిపోయింది. బావకు సెలవు. పచ్చచొక్కాలకు మ్యాచ్.

"నీ చదువు కంటే నాకు ఆట ఎక్కువనుకుంటున్నావా?" అన్నాడు బావ. "టీవీ మూగగా పెడతాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను. గోల్ పడినా గొంతు విప్పితే నన్ను అడుగు. కుక్కల్ని నా దగ్గరే కూర్చోబెట్టుకుంటాను. నువ్వు నిశ్చింతగా రాసుకో, పో."

ఆవిడ నిశ్చింతగానే రాసింది. సగం అయ్యేసరికి హాల్లో మిరియం ఒక్కసారి గట్టిగా మొరిగింది. హెచ్చరిక వచ్చింది. కాసేపటికి మళ్ళీ మొరిగింది. ఆఖరి హెచ్చరిక. అద్దాలమ్మ చేతులు జోడించి, కెమెరాలోకి చూసి, ఇంకోసారి జరగదు మేడమ్ అని బతిమాలింది. రెండు ప్రశ్నలు మిగిలాయనగా మూడోసారి మొరిగింది. తెర నల్లబడింది. పరీక్ష రద్దయిందనీ, మళ్ళీ ఆరునెలలకు ప్రయత్నించమనీ అందులో ఒక వాక్యం కనిపించింది.

ఆవిడ హాల్లోకి వచ్చేసరికి బావ టీవీ ఆపేసి, ఇయర్‌ఫోన్లు చేత్తో పట్టుకుని, ముఖాన నెత్తురు చుక్క లేకుండా కూర్చుని ఉన్నాడు. మిరియం అతని ఎదురుగా కూర్చుని తోక ఊపుతోంది, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"పిల్లి" అన్నాడు బావ. "కిటికీ మీదికి పిల్లి వచ్చింది. నేను లేచేలోపే అరిచేసింది."

"మూడుసార్లా?"

"మూడుసార్లూ అదే పిల్లి."

ఆ తోక ఊపడం చూస్తే అద్దాలమ్మకు కడుపు రగిలిపోయింది. రెండేళ్ళ చదువు బుగ్గిపాలు చేసి, సిగ్గు లేకుండా తోక ఊపుతుందా? ఆ మంట మీద బావ మెల్లగా మరో మాట వేశాడు. "ఇది ఇంట్లో ఉన్నంతకాలం నీ పరీక్ష సాగదమ్మాయ్. డిపో పక్క గోడౌను వాళ్ళు కాపలాకు కుక్క కావాలంటున్నారు. అక్కడైతే ఎంత మొరిగితే అంత మంచిది." అద్దాలమ్మ "ఊ" అంది. అంతే. సాయంత్రం బావ మిరియాన్ని ఎత్తుకుని వెళ్ళి దింపి వచ్చాడు. లాండ్రీ నుంచి వచ్చిన అక్క విని, "నోరులేని జీవిని పట్టుకుని ఇదేం పనే" అని కళ్ళు తుడుచుకుంది. చెల్లెలి మొహం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి దొరసాని తన గిన్నెలో సగం తిని సగం వదిలేయడం మొదలుపెట్టింది. వదిలేసి, గుమ్మం దాకా వెళ్ళి చూసి, వచ్చి పడుకునేది. చూసి చూసి అద్దాలమ్మకు అన్నం సహించడం మానేసింది. బల్ల కింద కాళ్ళు చల్లగా ఉండేవి. నెల దాటాక ఇక ఆగలేక, దుకాణం నుంచి తిన్నగా గోడౌనుకు వెళ్ళింది.

మిరియం గొలుసుకు కట్టేసి ఉంది. మెడ చుట్టూ వెంట్రుకలు రాలిపోయి, చర్మం ఎర్రగా కమిలి ఉంది. ఆవిడను చూసి ఎగరలేదు, ముడుచుకుని పడుకున్నచోటినుంచే తోక చివర మాత్రం కదిలించింది.

"తీసుకుపోతే తీసుకుపోమ్మా" అన్నాడు కాపలా పెద్దాయన. "ఇదేం కుక్క? వచ్చినప్పటినుంచి ఒక్కసారి నోరు తెరవలేదు. లారీ వచ్చినా మొరగదు, కొత్తవాడు వచ్చినా మొరగదు, పిల్లి దీని ముక్కు ముందు పడుకుంటోంది. కాస్త ఆ షట్టరు దించిపెట్టు తల్లీ, కొక్కెం కర్ర ఎవడో పట్టుకుపోయాడు, నా భుజం లేవదు."

అద్దాలమ్మ షట్టరు కింద నిలబడి, రెండు చేతులూ నిటారుగా పైకెత్తి దాన్ని అందుకుంది. వెనక మిరియం గట్టిగా మొరిగింది. ఉలిక్కిపడి తిరిగి చూస్తే, అది లేచి బుద్ధిగా కూర్చుని, ఆవిడ చేతుల వంక, తర్వాత ఆవిడ జేబు వంక చూస్తోంది. ఆవిడ మళ్ళీ చేతులెత్తింది. మళ్ళీ మొరిగింది. మళ్ళీ జేబు వంక చూసింది, ఏది నా బిస్కెట్టు అన్నట్టు.

అప్పటికి గానీ ఆవిడకు కళ్ళు తెరుచుకోలేదు. శని, ఆదివారాల్లో ఆవిడ దుకాణంలో ఉంటుంది. ఆ వేళల్లోనే హాల్లో ఆ బృందం చేరుతుంది. గోల్ పడితే బావ రెండు చేతులూ పైకి లేపుతాడు, కేక వేస్తాడు, మిరియం మొరుగుతుంది, అందరూ నవ్వుతారు. కేక విని మొరుగుతోందని ఇంట్లో అందరూ అనుకున్నారు. కేక కాదు, చేతులు. స్నేహితుల ముందు గొప్పకు బావ ఎవరూ లేనప్పుడు బిస్కెట్లు పెట్టి పెట్టి దానికి నేర్పించాడు. పరీక్ష రోజు గొంతు విప్పనని మాటిచ్చాడు, నిజంగానే విప్పలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నోట్లో మాట లేదు, గోల్ పడగానే చేతులు మాత్రం వాటంతటవే పైకి లేచాయి. మూడు గోల్సు, మూడు అరుపులు. పిల్లీ లేదు, ఎలుకా లేదు. పాపం ఆ కుక్క నేర్పిన పని నేర్పినట్టు చేసి, కూలి కోసం అతని ఎదురుగా కూర్చుంది. బావ తన తప్పును మసిపూసి మారేడుకాయ చేసి, ఆ కూలి ఎగ్గొట్టి, దాన్నే ఎత్తుకెళ్ళి గొలుసుకు కట్టించాడు.

తను? తను "ఊ" అంది. ఆ ముక్క గుర్తొచ్చేసరికి అద్దాలమ్మ అక్కడే నేల మీద కూర్చుని, కమిలిన మెడ చుట్టూ చెయ్యివేసి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని లేచేసరికి మాత్రం కోపం కడిగి బోర్లించేసింది.

ఇంటికి వచ్చి ఏమందో తెలుసా? "గోడౌను వాళ్ళు వద్దన్నారు బావా, మొరగడం లేదట" అంది, నంగనాచిలా. బావ ఆవిడ మొహంలోకి చూశాడు, మిరియం వంక చూశాడు, "సరే పోనీలే, మనింట్లోనే ఉంటుంది" అని గొణిగి గదిలోకి వెళ్ళిపోయాడు. దొరసాని ఆ పూట గిన్నె మొత్తం ఖాళీ చేసింది.

అప్పుడే అడిగి కడిగేయొచ్చు. కానీ ఒంటరిగా కడిగితే బావ ఒప్పుకుంటాడా? పిల్లి అంటాడు, నువ్వేదో అపోహ పడ్డావంటాడు, అక్క నలిగిపోతుంది. నలుగురిలో, అతని నోటితోనే, కాదు, అతని చేతులతోనే ఒప్పించాలి. అదీకాక మిరియం పేరు మీద పడిన మచ్చ నలుగురి ముందే పోవాలి. ఆ రోజునుంచి ఆవిడ బావను గమనించడం మొదలుపెట్టింది. మ్యాచ్ చూసేటప్పుడు అతను ఇప్పుడు అరచేతులు తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చుంటున్నాడు. గోల్ పడితే కాళ్ళు నేలకేసి కొడతాడు తప్ప చేతులు బయటికి తీయడు. "అంత చలిగా ఉందా బావా?" అని ఆవిడ అడిగింది. "అవును, కొంచెం" అన్నాడు, చెమటలు కక్కుతూ.

పచ్చచొక్కాలు ఫైనల్‌కు చేరాయి. డిపో అంతా పండగే. మ్యాచ్ జరిగే వేళకు బృందం మొత్తానికి డ్యూటీ పడింది. స్కోరు పథ్యం ముందెన్నడూ లేనంత కఠినంగా ప్రకటించారు. అద్దాలమ్మ దుకాణానికి సెలవు పెట్టింది. మిరియాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫైనల్ మొత్తం ఒక్కతే కూర్చుని చూసింది. ఫుట్‌బాల్ అంటే ఓనమాలు తెలియని మనిషి, కంటి నరాలు బట్టీ పట్టినట్టు ఆ ఆటను బట్టీ పట్టింది. ఏ గోల్‌కు ముందు ఎవడు కింద పడ్డాడో, ఎవడు బంతిని మూలనుంచి తన్నాడో, అన్నీ. ఆఖరి నిమిషాల్లో జరిగింది చూసి, కుక్క చెవిలో "చాలు మనకి" అంది.

సాయంత్రం బృందం దిగింది. చెవుల్లో దూది, చేతిలో రేకు డబ్బా. బావ మధ్యలో, ఒకవైపు మీసాల డ్రైవరు, ఇంకోవైపు బక్క కండక్టరు, చాపమీద మిగతావాళ్ళు. అక్క వంటింట్లో అందరికీ టీ పెడుతోంది. అద్దాలమ్మ సోఫా వెనక, తన గది గుమ్మంలో నిలబడింది. మిరియం ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఆవిడ గుప్పిట్లో బిస్కెట్టు ముక్కలున్నాయి.

ఆట మొదలైంది. పచ్చచొక్కా ఒకడు కింద పడి లేచి, మోకాలు తుడుచుకున్నాడు. అద్దాలమ్మ ఏదో బద్ధకంగా నిలబడ్డట్టు రెండు చేతులూ ఎత్తి, తలుపు పైకమ్మీ పట్టుకుంది. మిరియం మొరిగింది. "ష్, ఇప్పుడేం లేదే" అన్నాడు మీసాల డ్రైవరు. అంటుండగానే బంతి వెళ్ళి వలలో పడింది. అందరూ ఎగిరారు. బావ ఒక్కడు ఎగరలేదు. మెల్లగా మెడ తిప్పి వెనక్కి చూశాడు. అద్దాలమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మిరియం ఏదో నములుతోంది.

"ముందే చెప్పిందిరా ఇది" అన్నాడు బక్క కండక్టరు.

అవతలి జట్టు ఎర్రచొక్కాలు ఒకటి కొట్టి సమం చేశాయి. అప్పుడు మిరియం నోరు మెదపలేదు. రెండో సగంలో, మూలనుంచి బంతి రాబోతుండగా, అద్దాలమ్మ మళ్ళీ కమ్మీ అందుకుంది. మిరియం మొరిగింది. పచ్చచొక్కా తలతో కొట్టాడు, గోల్. ఇల్లు దద్దరిల్లిపోయింది. మీసాల డ్రైవరు దూకి వచ్చి కుక్కను ముద్దుపెట్టుకున్నాడు. "మన గోల్‌కే మొరుగుతోంది, వాళ్ళ గోల్‌కు మొరగడం లేదు. జోస్యం చెబుతోందిరా, నీ కుక్క మామూలు కుక్క కాదు" అన్నాడు.

బావకు మింగుడుపడటం లేదు. ఆ మొరగడం ఎలా పుడుతుందో ఆ బృందంలో అతనొక్కడికే తెలుసు. వెనక ఎవరు చేతులెత్తుతున్నారో తెలిసిపోయింది. ఆవిడ మ్యాచ్ చూసేసిందనీ, స్కోరంతా ఆవిడ చేతుల్లోనే ఉందనీ తెలిసిపోయింది. అయినా నోరు విప్పి ఏమని చెబుతాడు? మరదలు చేతులెత్తుతోందని చెబితే, చేతులెత్తితే మొరుగుతుందని నీకెలా తెలుసని అడగరూ? తొడల కింద అరచేతులు నలుగుతుండగా, ఏళ్ళ తరబడి కలగన్న ఫైనల్‌ను అతను ముళ్ళమీద కూర్చున్నట్టు చూశాడు. అద్దాలమ్మకు ఆ వీపును చూస్తుంటే కడుపు నిండిపోతోంది. ఆ తృప్తిని దాచుకోవాలని కూడా ఆవిడకు అనిపించలేదు.

ఎర్రచొక్కాలు మళ్ళీ సమం చేశాయి. ఆట ముగింపుకొచ్చింది. అప్పుడు రిఫరీ విజిల్ ఊది గోలు ముందున్న తెల్ల చుక్కను చూపించాడు. పచ్చచొక్కాలకు పెనాల్టీ. ఇది పడితే కప్పు. ఆటగాడు బంతిని చుక్కమీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్ళాడు.

"ఆపు" అన్నాడు బక్క కండక్టరు. బావ రిమోటు నొక్కాడు. టీవీలో ఆటగాడు ఒక కాలు గాల్లో పెట్టి బిగుసుకుపోయాడు. అందరి తలలూ మిరియం వైపు తిరిగాయి.

మిరియం ఎదురుగా అద్దాలమ్మ. ఆవిడ చేతులు రెండూ కిందికి, ఒంటికి అతుక్కుని ఉన్నాయి. మిరియం ఆవిడ చేతుల వంక చూసింది, ఆవలించింది.

"మొరగవే" అన్నాడు మీసాల డ్రైవరు. "ఒక్కసారే, నా తల్లివి కదూ."

మొరగలేదు. ఆ మౌనానికి గదిలో ఒక్కొక్కడి మొహం వాడిపోసాగింది. ఆట ఎప్పుడో ముగిసిపోయింది. బంతి తగలాల్సిన చోట మధ్యాహ్నమే తగిలింది. అయినా సరే, ఈ కుక్క ఇప్పుడు మొరిగితే అది మారుతుందన్నట్టు, బస్సులు నడిపే పెద్ద మగవాళ్ళంతా దాని ముందు మోకాళ్ళమీద కూర్చున్నారు. బక్క కండక్టరుకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "నీ కుక్క కదరా, నువ్వు చెబితే వింటుంది. మొరిగించు. మొరిగించరా" అని బావ భుజం పట్టుకుని ఊపేశాడు.

బావ లేచాడు. ఆ కాలు గాల్లో ఉన్న ఆటగాణ్ణి చూశాడు. కుక్కను చూశాడు. ఏళ్ళ తరబడి రాని కప్పు. అద్దాలమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది. అతని అరచేతులు తొడల దగ్గరనుంచి ఛాతీ దాకా వచ్చాయి, ఇక ఆగలేదు. రెండు చేతులూ నిటారుగా పైకి లేచాయి.

మిరియం భౌమని మొరిగింది. మొరిగి, పరుగున వెళ్ళి బావ ఎదురుగా బుద్ధిగా కూర్చుంది.

అందరూ హుషారెక్కిపోబోయారు. వంటింటి గుమ్మంలోంచి మాట వినపడింది. అక్క. చేతిలో టీల పళ్ళెం ఉంది.

"చేతులు దించి, మళ్ళీ ఎత్తండి."

"ఏమే, ఇప్పుడు..."

"ఎత్తండి."

ఎత్తాడు. మొరిగింది. అక్క పళ్ళేన్ని బల్లమీద పెట్టింది. ఆవిడ మొద్దు కాదు. "పరీక్ష రోజు మీ జట్టు ఎన్ని గోల్సు కొట్టింది?" అంది.

మీసాల డ్రైవరుకు ఏ మ్యాచ్‌లో ఎన్ని గోల్సో వేళ్ళమీద ఉంటాయి, పాపం అలవాటుకొద్దీ "మూడు, చెల్లెమ్మా" అనేశాడు. అని, నాలిక్కరుచుకున్నాడు.

"పిల్లి అన్నారు నాతో" అంది అక్క. "దాని మెడకు నెలరోజులు నేను మందు రాశాను. మీరు పక్కనే కూర్చుని చూశారు."

"నేను... అమ్మాయి మొహం చూసి భయపడిపోయాను" అన్నాడు బావ. "రెండు రోజులాగి చెబుదామనుకున్నాను. తర్వాత చెప్పలేకపోయాను."

"నా మొహం ఇప్పుడు చూడు" అంది అద్దాలమ్మ. గొంతు పెంచలేదు. "పోయిన ఆరునెలలు నువ్వు తెచ్చివ్వలేవు, వదిలేయ్. మిరియం నీ ఎదురుగా కూర్చుంది. ఆ రోజు కూడా ఇలాగే కూర్చుంది. అది మూడుసార్లు పనిచేసింది, నువ్వు కూలివ్వలేదు. ఇవ్వు. ఇక్కడే, అందరూ చూస్తుండగా."

బావ చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. బిస్కెట్లు ఉన్నాయి, ఎప్పుడూ ఉంటాయి. వంగి ఒకటి ఇచ్చాడు. మిరియం తిని, తల ఎత్తి చూసింది. ఇంకొకటి ఇచ్చాడు. మూడోది ఇచ్చేటప్పుడు అది బిస్కెట్టుతో పాటు అతని చేతిని కూడా నాకింది. గదిలో ఎవరూ ఎవరి మొహంలోకీ చూడలేదు.

అప్పుడు అద్దాలమ్మ ముందుకొచ్చి, సోఫా మీది రిమోటు అందుకుని తనే నొక్కింది. గాల్లో ఉన్న కాలు కిందికి దిగింది. బంతి వెళ్ళి స్తంభానికి కొట్టుకుని బయటికి పోయింది. ఆ దెబ్బలోంచి తేరుకోకముందే ఎర్రచొక్కాలు అటునుంచి పరిగెత్తి వచ్చి మూడోది కొట్టేశాయి. బృందం చెప్పులు వేసుకుని, డబ్బాలోంచి ఫోన్లు ఏరుకుని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

"పరీక్ష మళ్ళీ వస్తోంది" అంది అద్దాలమ్మ గుమ్మంలోకి వెళుతూ. "ఆ రోజు మిరియం నా బల్ల దగ్గరే ఉంటుంది, పరీక్ష పెట్టేవాళ్ళను అడిగి ఒప్పించాను. నువ్వు గోడౌనులో ఉంటావు. పొద్దున్నుంచి నేను రమ్మనేదాకా. దాన్ని కట్టేసిన చోటే కూర్చుంటావు."

"కూర్చుంటాడు" అంది అక్క, అతని బదులు.

పరీక్ష రోజు బావ పొద్దున్నే తలవంచుకుని గోడౌనుకు వెళ్ళాడు. కాపలా పెద్దాయన ఒక పీట వేశాడట. మొదలుపెట్టే ముందు అద్దాలమ్మ కెమెరాను బల్ల కిందికి తిప్పి మిరియాన్ని చూపించింది. పర్యవేక్షకురాలు నవ్వి, చప్పుడు చేస్తే మాత్రం రూలు రూలే అంది. మిరియం చప్పుడు చేయలేదు. రాసినంతసేపూ ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆఖరి ప్రశ్న కూడా రాసి, పంపించి, కెమెరా ఆపి, ల్యాప్‌టాప్ మూసి, కాళ్ళమీది వేడిని కాసేపు అలాగే ఉంచుకుని, అప్పుడు లేచి నిలబడింది. రెండు చేతులూ నిటారుగా పైకెత్తింది.

మిరియం మొరిగింది, ఎన్నాళ్ళనుంచో దాచుకున్నట్టు. ఆవిడ వంగి బిస్కెట్టు ఇచ్చింది. అది అందుకుంది, తినలేదు. నోట కరుచుకుని హాల్లోకి వెళ్ళింది, సోఫా చూసింది. ఖాళీగా ఉంది. వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి, బిస్కెట్టును రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని, తలుపుకేసి చూస్తూ కూర్చుంది. పిలిస్తే రాలేదు. ఇంకో బిస్కెట్టు చూపిస్తే తిరిగి కూడా చూడలేదు. అతనెక్కడ, అతనికి చెప్పాలి కదా అన్నట్టు తోక నేలకేసి కొట్టుకుంటోంది. దొరసాని కూడా మెల్లగా లేచి వెళ్ళి దాని పక్కన కూలబడింది.

అద్దాలమ్మ నడుం మీద చేతులు వేసుకుని వాటి వంక చూసింది. పొద్దుపోయేదాకా కూర్చోబెడదామనుకుంది అతన్ని. తెల్లారేదాకా కూర్చోబెట్టినా తన పగ తీరేది కాదు. ఆ పగలో ఈ కుక్కకు చారెడు వాటా కూడా అక్కర్లేకపోయింది. మెడమీద మచ్చ దానిది, అయినా అక్కర్లేకపోయింది. కోపంతో, ఏడుపుతో ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి.

ఫోను తీసి బావకు చేసింది.

"బాగా రాశాను" అంది. "ఇంటికి రా. నీ కుక్క ఎదురుచూస్తోంది."

"ఇదిగో, బస్సెక్కి వచ్చేస్తున్నాను" అన్నాడు.

"బస్సెక్కడానికి వీల్లేదు" అంది అద్దాలమ్మ. "నడిచి రా."